జిప్సీలో బలేనో 1.6 ఇంజన్ ఎక్కించాం, సర్జ్ ట్యాంకు చేయించాలి, సలహాలు చెప్పండి

ఎస్‌కోట జిప్సీ:
అందరికీ నమస్తే. మాది శృంగవరపుకోట. పాత కార్బురేటర్ జిప్సీ ఉంది, బాడీ, చాసిస్ గట్టిగానే ఉన్నాయి గానీ ఇంజను ఆయిలు తాగేస్తంది. యాక్సిడెంటైన బలేనో ఒకటి దొరికితే దాని జి16బి ఇంజను, వైరింగు, ఈసీఎం (ఇంజను కంప్యూటరు) మొత్తం దింపించి ఇందులో పెట్టించాం. అదీ ఇదీ సుజుకీ జి సీరీసే కాబట్టి గేర్‌బాక్సుకి బోల్టులు కూడా పడిపోయాయి, ఊళ్ళో తిరిగితే బండి భలేగా ఉంది. సమస్యల్లా అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడే. ట్యాంకు సగం పైన ఉంటే ఏమీ లేదు, సగం కింద పడిందా, పెద్ద వంపు తిరిగి ఎక్సలేటర్ తొక్కగానే దబదబా కొట్టుకుని లాగడం మానేస్తంది. రెండు క్షణాలు ఆగి మళ్ళీ అందుకుంటాది. పాత కార్బ్ ట్యాంకే ఉంచేసి, ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు బయట ఛాసిస్‌కి బిగించి పాత పికప్ గొట్టం నుంచే లాగిస్తన్నాం. సర్జ్ ట్యాంకు, అంటే పంపుకి ముందు పెట్రోలు నిల్వ ఉంచే చిన్న ట్యాంకు, పెడితే పోతాదని ఒకాయన చెప్పాడు. కొన్నవి చూస్తే ధర మండిపోతంది, పైగా మనకి సరిపడే సైజు లేదు. ఇక్కడే చేయించేద్దామని ఉంది. ఎంత సైజు, ఏ మెటల్, గొట్టాలు ఎక్కడెక్కడ పెట్టాలి, ఎవరైనా చేయించినవాళ్ళుంటే చెప్పండి.

చీపురుపల్లి చిన్నోడు:
తమ్ముడూ ముందు ఖర్చులేని పని చెయ్యి. బండి కొట్టుకోగానే ఆపి పెట్రోలు మూత తీసి చూడు, బుస్సుమని గాలి లోపలికి పోతే నీ ట్యాంకు వెంట్ మూసుకుపోయినట్టు. పాత జిప్సీల్లో వెంట్ గొట్టం మట్టి పట్టి పోవడం మామూలే. అదైతే సర్జ్ ట్యాంకు బంగారంతో చేయించినా లాభం లేదు.

ఎస్‌కోట జిప్సీ:
చూశానన్నా, మూత వదులుగా పెట్టి కూడా ఎక్కాను. అదే వంపులో అదే గోల.

ఇజీనగరం మావ:
సర్జ్ ట్యాంకు ఎందుకయ్యా బాబూ, ఎంపిఎఫ్ఐ జిప్సీ ట్యాంకు తెచ్చి పెట్టీ. 2000 తర్వాత వచ్చిన బళ్ళకి ఇంజెక్షనే కదా, కంపెనీవాడు ఆలోచించి చేసిన ట్యాంకు ఉండగా నువ్వెందుకు వెల్డింగోడి చుట్టూ తిరగడం. అదనంగా పంపు, ఫిల్టరు, పది జాయింట్లు, ఎన్ని జాయింట్లుంటే అన్ని లీకులు. నా మాట విను.

ఎస్‌కోట జిప్సీ:
మావా నీ మాట నిజమే, మొదట దానికే తిరిగాను. ఆటోనగర్లో దొరికిన రెండూ మిలటరీ వేలం బళ్ళవి, లోపల టార్చి వేసి చూస్తే తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఉన్నాది. ఆ తుప్పు పంపులోకి పోతే మళ్ళీ మొదటికే. మంచిది దొరికితే ఇప్పటికీ కొంటాను.

లేత్ మాస్టారు:
నెల్లిమర్ల రోడ్డులో లేత్ షాపు మాది. రెండు మూడు ర్యాలీ బళ్ళకి ఇలాంటివి చేసిచ్చాను కాబట్టి కొంచెం విపులంగా చెప్తాను, ఓపికగా చదవండి.

అసలు మీ బండి కార్బురేటర్తో ఉన్నప్పుడు ఇదే ఘాట్ ఇదే ట్యాంకుతో ఎక్కింది కదా, అప్పుడెందుకు ఆగలేదు? ఎందుకంటే కార్బురేటర్లో ఫ్లోట్ చాంబర్ ఉంటుంది. పికప్ గొట్టం కాసేపు గాలి పీల్చినా చాంబర్లో ఉన్న పెట్రోలుతో ఇంజను నడిచేస్తుంది, ఈలోగా వంపు అయిపోతుంది. ఇంజెక్షన్ కొచ్చేసరికి ఆ నిల్వ లేదు. పంపు నోట్లోకి ఒక్క గాలిబుడగ పోయినా రెయిల్లో, అంటే ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో, ప్రెషర్ పడిపోతుంది, ఇంజెక్టర్ తెరుచుకుంటుంది గానీ వచ్చేది నురగ. కొట్టుకోవడం అందుకే. ఇంకోటి, ఆ పంపు చల్లబడేది లోపల పారే పెట్రోలుతోనే, ఇలా మాటిమాటికీ గాలి పీలిస్తే మోటారు కాలిపోతుంది. అంచేత మీరు ఇప్పుడు తిరుగుతున్నదే పంపుకి చేటు, ఘాట్ ఎక్కడం ఆపండి ముందు.

సర్జ్ ట్యాంకంటే ఆ ఫ్లోట్ చాంబర్‌ని తెచ్చి బయట పెట్టడమే, అంతకంటే ఏమీ లేదు. పెద్ద ట్యాంకు నుంచి లో ప్రెషర్ పంపు (దీన్నే లిఫ్ట్ పంపు అంటాం), కార్బ్ బళ్ళకి వాడే ఎలక్ట్రిక్‌ది, పెట్రోలు తెచ్చి దీంట్లో పోస్తూ ఉంటుంది. అది మధ్యమధ్యలో గాలి తెచ్చినా పర్లేదు, గాలి పైకి పోతుంది. అడుగునుంచి హై ప్రెషర్ పంపు లాక్కుని రెయిల్‌కి పంపుతుంది. రెయిల్లో వాడగా మిగిలింది ప్రెషర్ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ దాటి మళ్ళీ ఈ చిన్న ట్యాంకులోకే రావాలి, పెద్ద ట్యాంకులోకి కాదు. ఇక నిండిపోయి మిగిలింది నెత్తిమీద గొట్టంలోంచి పెద్ద ట్యాంకుకి పోతుంది. మొత్తం నాలుగు గొట్టాలు. సిలిండర్ ఎవడైనా చేస్తాడండీ, ఆ నాలుగు గొట్టాలు ఎక్కడ పెట్టాడు, ఎంత బోరు పెట్టాడు, పనితనమంతా అక్కడే ఉంది.

అడుగు గొట్టం 12 ఎంఎం బోరుకి తగ్గకండి. బయట బిగించే ఇంజెక్షన్ పంపుకి తొయ్యడం వచ్చు, పీల్చడం రాదు. కాబట్టి పంపు ట్యాంకు అడుగుకంటే కింద ఉండాలి, పెట్రోలు దానంతటది జారి నోట్లో పడాలి. లిఫ్ట్ పంపు లైను, రిటర్న్ లైను రెండూ పైభాగంలో పక్కనుంచి, గోడని రాసుకుంటూ పోయేలా వాలుగా పెట్టండి, పెట్రోలు సుడి తిరిగి గాలి మధ్యలోకొచ్చి పైకి పోతుంది. లిఫ్ట్ లైను కింద పెడితే బండి ఆపినప్పుడు సైఫన్ పడి ట్యాంకు ఖాళీ అయిపోయే అవకాశం ఉంది. ఓవర్‌ఫ్లో మాత్రం అన్నిటికంటే ఎత్తున, మూతలోనే. ఆకారం పొడుగ్గా సన్నగా ఉండాలి, డబ్బాలా వెడల్పుగా వద్దు.

పలాస పిల్లోడు:
మాస్టారూ ఎలాగూ చేయిస్తన్నాడు కదా అయిదు లీటర్లది చేయించుకుంటే రిజర్వు కింద కూడా పనికొస్తాది కాదేటి 😄

లేత్ మాస్టారు:
వద్దు బాబూ. లెక్క చూడు. ఆ ఇంజను ఫుల్లు పవర్ 94 హార్స్‌పవర్. పెట్రోలు ఇంజను ఫుల్లుగా తొక్కితే ఒక హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 230 గ్రాములు తాగుతుంది అనుకో, అంటే 21, 22 కిలోలు. లీటర్ల లెక్కన దాదాపు 29. సెకనుకి 8 మిల్లీలీటర్లు. లీటరున్నర ట్యాంకు పెడితే, కింద నుంచి ఒక్క చుక్క రాకపోయినా, పూర్తిగా తొక్కి పట్టుకుంటే మూడు నిమిషాలు నడుస్తుంది. మూడు నిమిషాల వంపు మన ఘాట్లో ఎక్కడుంది? అదనంగా పెట్టే ప్రతి లీటరూ గుద్దుకున్నప్పుడు మంటకి మేతే. 4 అంగుళాల ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) పైపు 200 ఎంఎం పొడుగు కోస్తే లీటరున్నర అయిపోతుంది, అంతే చాలు.

లిఫ్ట్ పంపు కూడా ఇదే లెక్క. ఇంజను తాగేదానికంటే ఎక్కువ తేగలగాలి. రిటర్న్ ఇదే ట్యాంకులోకి వస్తుంది కాబట్టి హై ప్రెషర్ పంపు గంటకి ఎన్ని లీటర్లు తోస్తుందో మనకి అనవసరం. గంటకి 60, 70 లీటర్లు తెచ్చేది పెట్టుకుంటే ధారాళం.

టెక్కలి హోసులు:
నేను గ్రానైట్ క్వారీ బళ్ళకి హోసులు క్రింపింగ్ చేస్తాను. ముందే చెప్పేస్తన్నా, ఇలాటి పనికి జనం నా దగ్గరికొచ్చి జేసీబీకేసే హైడ్రాలిక్ హోసు ముక్క ఇమ్మంటారు, రెండొందల బార్ తట్టుకుంటాది కదా, నీ 3 బార్ ఎంత అని. ప్రెషర్ కాదు బావూ సంగతి, అది ఆయిలుకి చేసిన రబ్బరు, పెట్రోలుకి రేటింగ్ లేదు. ఇప్పుడు బంకులో పోస్తన్నది ఇ20, ఇథనాల్ ఇరవై శాతం. పాత రబ్బరు ఉబ్బి లోపల పొర ఊడి ఫిల్టరుకి అడ్డం పడతాది. హోసు మీద ఎస్ఏఈ జె30ఆర్9 అని ముద్ర ఉందా లేదా చూసి కొను. ఆర్7 అని ఉన్నది కార్బ్ లైనుది, లో ప్రెషర్ వైపు చెల్లుతాది గానీ హై ప్రెషర్ వైపు పెట్టకు. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగుండే ముక్కకి ఆర్10 కావాలి, బయట హోసు లోపల పెడితే పైపొర కరిగిపోతాది.

క్లిప్పులు కూడా పళ్ళున్న మామూలువి వద్దు, హోసుని కోసేస్తాయి. చుట్టూ సమానంగా బిగిసే ఇంజెక్షన్ క్లిప్పులు ఉంటాయి. నిప్పల్ చివర చిన్న గట్టు ఉండాలి, నున్నటి గొట్టానికి హోసు తొడిగితే ఎప్పుడో ఓనాడు జారిపోతాది. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, పోగులు తెగి పోయి ఇంజెక్టర్లో కూర్చుంటాయి. బిఎస్‌పి మరలు వేయించి డౌటీ వాషర్ పెట్టించు, రబ్బరు వైటాన్‌ది అడుగు.

ఆర్గాన్ అప్పన్న:
మెటల్ సంగతి నేను చెప్తాను. జీఐ పైపు వద్దే వద్దు, లోపలి జింకు ఇథనాల్‌కి పడదు. అల్యూమినియం తేలిక గానీ మనూళ్ళో బాగా వెల్డింగ్ చేసేవాళ్ళు తక్కువ, ఘాట్లో అదురుడికి జాయింటు దగ్గర చీలితే తెలీను కూడా తెలీదు. 304 ఎస్ఎస్, 2 ఎంఎం, 308ఎల్ ఫిల్లర్‌తో టిగ్ వెల్డింగ్, వేసేటప్పుడు లోపలికి కూడా ఆర్గాన్ వదలమను, లేకపోతే లోపల నల్లగా పొక్కులు కడతాది, ఆ పొక్కులు రాలి పంపులోకి పోతాయి. చాలామంది ఈ లోపలి గ్యాసు ఖర్చు దగ్గరే కక్కుర్తి పడతారు.

లీకు టెస్టు పెట్రోలు పోసి చెయ్యకండి ఓలమ్మా. మూడు గొట్టాలు మూసి నాలుగోదాంట్లో గాలి, అర బార్ చాలు, సబ్బునీళ్ళు రాసి చూడండి. ఇంకో మాట, మీ పాత పెట్రోలు ట్యాంకుకి కొత్త రిటర్న్ నిప్పల్ వెల్డింగ్ చెయ్యమని ఎవడి దగ్గరకీ తీసుకెళ్ళకండి. కడిగాం, ఎండబెట్టాం, వాసన రావట్లేదు అంటారు, మూలల్లో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కొలిచే సెండింగ్ యూనిట్ ప్లేటు విప్పి బయటకి తీసి ఆ ప్లేటుకి వెల్డింగ్ చేయించండి.

ఎస్‌కోట జిప్సీ:
ఒక్కొక్కళ్ళూ పాఠాలు చెప్పేస్తన్నారు, దండాలు. ట్యాంకు ఎక్కడ పెట్టమంటారు? వెనక సీటు పక్కన లోపల బోలెడు జాగా ఉంది, చూడ్డానికి కూడా బాగుంటాది.

సిక్కోలు ఇంజినీరమ్మ:
లోపల పెట్టొద్దండీ. చూడ్డానికి బాగుండడానికి అదేమన్నా సౌండ్ సిస్టమా. పెట్రోలు ఉన్నదానికీ మనుషులున్నచోటుకీ మధ్య రేకు గోడ ఉండాలి, లేదా మొత్తం సీలు చేసిన పెట్టెలో పెట్టి దాని గాలి బయటకి పోయేలా చెయ్యాలి. ఇంజన్ బేలో పెడితే వేడి, పైగా ముందు గుద్దుకుంటే మొదట నలిగేది అదే. మీకున్న మంచి చోటు చాసిస్ రెయిల్ లోపలివైపు, పెద్ద ట్యాంకుకి ముందు, సైలెన్సర్ గొట్టం లేని పక్క. కింద రాళ్ళు తగలకుండా ప్లేటు వేయించండి.

గొట్టాల గురించి అందరూ చెప్పారు గానీ కరెంటు గురించి ఎవరూ అనలేదు. బలేనో ఈసీఎం ఉంచారు కాబట్టి, తాళం తిప్పగానే పంపు రెండు క్షణాలు తిరిగి ఆగుతుంది, ఇంజను తిరుగుతున్న సిగ్నల్ వస్తేనే మళ్ళీ నడుస్తుంది. గుద్దుకుని ఇంజను ఆగితే పంపు కూడా ఆగిపోతుంది. ఇప్పుడు మీ మెకానిక్ లిఫ్ట్ పంపుకి ఇగ్నిషన్ నుంచి డైరెక్టుగా వైరు లాగేస్తాడు, సులువు కదా అని. అప్పుడు బండి బోల్తా పడినా, హోసు తెగినా అది పెట్రోలు తోడి రోడ్డు మీద పోస్తూనే ఉంటుంది. లిఫ్ట్ పంపుకి వేరే రిలే, వేరే ఫ్యూజు పెట్టించి ఆ రిలేని మెయిన్ పంపు రిలే నుంచి ట్రిగ్గర్ చేయించండి. రెండు పంపులూ ఒకే రిలే మీద వెయ్యకండి, పాత బలేనో రిలేకి అంత లోడు వద్దు. గుద్దుకున్నప్పుడు కరెంటు తెంచేసే ఇనర్షియా స్విచ్ ఒకటి రెండిటికీ కలిపి పెట్టుకుంటే ఇంకా మంచిది. బండిలో ఏబీసీ పౌడర్ సిలిండర్ కూడా, చేతికందేచోట.

ఇజీనగరం మావ:
ఇన్ని చెప్పారు, ఆర్టీవో మాట ఎవరూ ఎత్తలేదేటి?

సిక్కోలు ఇంజినీరమ్మ:
నిజమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్చడానికి రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి ముందే తీసుకోవాలి, ఆర్సీలో ఇంజన్ నంబరు ఎక్కాలి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. ఇన్సూరెన్సువాడికి చెప్పకపోతే క్లెయిమ్ రోజున వాడిది వాడు చూసుకుంటాడు. ఇంజను దింపిన బండి కాగితాలు, కొన్న బిల్లు పారెయ్యకండి.

ఎస్‌కోట జిప్సీ:
కాగితాలన్నీ ఉన్నాయి మేడం, ఆఫీసుకెళ్ళి అడిగాను, ఫైలు పెట్టమన్నారు.

ఇక పని సంగతి. మాస్టారు చెప్పిన కొలతే, 4 అంగుళాల 304 పైపు, 200 ఎత్తు. లోపల బెజ్జాల రేకు ఒకటి అడ్డంగా వేయించాం. మెయిన్ పంపు ముందు 100 మైక్రాన్ జాలీ ఫిల్టరు, తర్వాత బలేనో మామూలు ఫిల్టరు. ఛాసిస్ లోపలివైపే బిగించాం. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు లిఫ్ట్ పంపు ఒక్కటే నడిపి సర్జ్ ట్యాంకు నింపుకున్నాం, మెయిన్ పంపు ఎండగా తిరక్కుండా. స్టార్ట్ అయిపోయింది, బాగుంది అనుకున్నాం గానీ ఐడిలింగులో పెట్రోలు వాసన, ప్లగ్గులు నల్లబడతన్నాయి. రెయిల్‌కి గేజి పెడితే ఐడిలింగులో 2.9 బార్ చూపిస్తంది. ఇదివరకు ఇదే గేజిలో 2.5 ఉండేది. రెగ్యులేటర్ పోయిందంటన్నాడు మా మెకానిక్. కొత్తది ఆర్డర్ పెట్టేదా?

చీపురుపల్లి చిన్నోడు:
రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం ఊడిందేమో చూడు. అది ఊడితే ఐడిలింగులో ప్రెషర్ పైకే పోతాది.

ఎస్‌కోట జిప్సీ:
ఉందన్నా, గట్టిగానే ఉంది. వేలితో పీకి చూస్తే ఇంకా పైకెళ్తంది, అంటే వ్యాక్యూమ్ పనిచేస్తన్నట్టే కదా.

లేత్ మాస్టారు:
ఆర్డరు పెట్టకండి. ఇంజను ఐడిలింగులో ఉండగా లిఫ్ట్ పంపు వైరు సాకెట్ పీకండి. భయం లేదు, ట్యాంకులో లీటరున్నర ఉంది, ఆగదు. గేజి ముల్లు మీదే కన్నుంచండి.

ఎస్‌కోట జిప్సీ:
పీకాను మాస్టారూ!! ముల్లు మెల్లగా దిగుకుంటూ వచ్చి 2.5 దగ్గర నిలబడింది. మళ్ళీ పెట్టగానే 2.9. ఇదేటి మాయ?

లేత్ మాస్టారు:
మాయేం లేదు, ఓవర్‌ఫ్లో సరిపోవట్లేదు. లిఫ్ట్ పంపు తెచ్చినంత బయటకి పోవట్లేదు కాబట్టి సర్జ్ ట్యాంకు లోపల ప్రెషర్ కడుతోంది. ఆ పంపు మూసిన గొట్టం మీద 0.3, 0.4 బార్ కడుతుంది. రెగ్యులేటర్ రిటర్న్ ఆ ట్యాంకులోకే కదా పడేది, అవతల ఎదురు ప్రెషర్ కడితే రెయిల్లో కూడా ప్రెషర్ పెరగొచ్చు. మీ 2.9 అందుకే. కొళాయి కింద బిందె పెట్టి మూతి బిగగట్టినట్టుంది మీ పని. ఓవర్‌ఫ్లో నిప్పల్ విప్పి లోపల బోరు ఎంతుందో చూడండి.

ఎస్‌కోట జిప్సీ:
విప్పాం. బయటకి 10 ఎంఎం నిప్పలే, అందుకే అనుమానం రాలేదు. లోపల చూస్తే మూత దగ్గర బెజ్జం సూది దూరేంతే! వెల్డింగ్ షాపాయన మొదట పైలట్ బెజ్జం వేసి, పెద్దది చెయ్యడం మానేసి దాని మీదే నిప్పల్ పెట్టి అతికించేశాడు. పైనుంచి చూస్తే ఎంత అందంగా ఉందో చెప్పలేను, వెల్డింగ్ మాత్రం ముత్యాల్లా ఉంది.

ఆర్గాన్ అప్పన్న:
ముత్యాల్లా ఉంటే చాలదు కదా నాయనా 😄 ఇప్పుడు దాన్ని అలాగే పెద్దది చేసెయ్యమని ఆయన దగ్గరకి తీసుకెళ్ళకు. దాంట్లో ఇప్పుడు పెట్రోలు తిరిగింది, అది కూడా పాత ట్యాంకు లెక్కే. నిప్పులు రేగే పని ఏదీ దాని మీద వద్దు. కొత్త మూత, కొత్త సిలిండర్ చేయించేసుకో, పైపు ముక్క ఎంతలే.

టెక్కలి హోసులు:
ఓవర్‌ఫ్లో లైను లిఫ్ట్ లైనుకంటే సన్నగా ఉండకూడదు, సమానం గానీ ఇంకో సైజు పైన గానీ. మడతలు కూడా లేకుండా చూసుకో, హోసు వంపు తిరిగేచోట నొక్కుకుపోయినా ఇదే గోల వస్తాది.

ఎస్‌కోట జిప్సీ:
కొత్తది చేయించాం, ఈసారి మూత వెల్డింగ్ చెయ్యకముందే నేను దగ్గరుండి అన్ని బెజ్జాల్లోనూ డ్రిల్ బిట్టు తోసి చూశాను. ఓవర్‌ఫ్లో 12 ఎంఎం. ఐడిలింగులో 2.5, వ్యాక్యూమ్ గొట్టం పీకితే 3, లిఫ్ట్ పంపు సాకెట్ పీకినా పెట్టినా ముల్లు కదల్లేదు. ట్యాంకు పావు వంతు ఉంచి ఆదివారం అనంతగిరి దాకా కొట్టాం, ఆ పాత వంపులో కావాలని సెకండ్ గేర్లో తొక్కిపెట్టాను, ఎక్కడా కొట్టుకోలేదు. దిగి చెయ్యి పెట్టి చూస్తే సర్జ్ ట్యాంకు గోరువెచ్చగా ఉంది, అంతే.

సిక్కోలు ఇంజినీరమ్మ:
ఓవర్‌ఫ్లో ధారాళంగా పోతుంటే వేడి కూడా దాంతోపాటే పెద్ద ట్యాంకులోకి పోతుంది, అందుకే. మే నెలలో మళ్ళీ ఒకసారి చూడండి, ట్యాంకు పావుకి తగ్గితే వేడి పంచుకోడానికి పెట్రోలు ఉండదు. రేపు వారం పోయాక క్లిప్పులన్నీ ఓసారి బిగించండి, కొత్త హోసు కొంచెం కుదురుకుంటుంది.

ఇజీనగరం మావ:
బాగా అయింది గానీ, ఎంపిఎఫ్ఐ ట్యాంకు అయితే ఇంత కథ ఉండేది కాదు. నా మాట నాదే.

ఎస్‌కోట జిప్సీ:
తుప్పులేనిది దొరికితే ఫోను కొట్టు మావా, నా సర్జ్ ట్యాంకు నీకిచ్చేస్తాను.

పలాస పిల్లోడు:
నాకివ్వండి నాకివ్వండి. నా మారుతి 800 కార్బ్ బండికి పెట్టొచ్చాండీ?

చీపురుపల్లి చిన్నోడు:
కార్బ్ బండికి ఎందుకురా, మాస్టారు పైన చెప్పింది చదవలేదేటి, నీకు ఫ్లోట్ చాంబర్ ఉంది కదా. బండి ఎక్కడ ఆగుతందో, ఎప్పుడు ఆగుతందో రాసి వేరే టాపిక్ తెరువు, చూద్దాం.